ముందు లీకేజీ, తర్వాతే గ్యాసు

చిరంజీవి మేనల్లుడికి,

రాయచూరులో షెడ్డు తెరిచావనీ, కార్ల ఏసీ పని ఒక్కటే చేస్తానని బోర్డు పెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి మీ అత్తయ్య మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటాడు, రాత్రిళ్లు దోమలున్నాయా అంటూ నన్ను నిలవనివ్వడం లేదు. నాకు మాత్రం బెంగ వేరే ఉంది. ఆ ఊరి ఎండ నాకు తెలుసు, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పిల్లాపాపలతో బండి తెచ్చినవాడికి ఓపిక ఉండదు, "గ్యాసు కొట్టెయ్, చాలు" అంటాడు, నీదేమో ఎవరినీ నొప్పించలేని స్వభావం.

ఆ ఒక్క మాటకు మాత్రం ఒప్పుకోకు నాన్నా. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తిరిగిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది, చిన్న కారులో మొత్తం కలిపి అర కిలో చుట్టుపక్కలే. పాత బండిలో పైపుల కండలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోవడం మామూలే కానీ, పోయినేడు నింపింది ఈ ఏడు లేదంటే ఎక్కడో దారి ఉన్నట్టే. ఆ దారి మూయకుండా మళ్లీ నింపడం చిల్లి కుండలో నీళ్లు పొయ్యడమే, పైగా పోసిన డబ్బు బండి తెచ్చినవాడిది.

అలాగని కూలింగ్ లేదన్న ప్రతి బండికీ లీకేజీ అంటగట్టకు. మన జిల్లాలో ఇంకో తంటా ఉంది. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక ఎడమ కాలువ నీళ్లు నమ్ముకుని మీ తాతయ్యలాంటివాళ్లు గోదావరి ఒడ్డు నుంచి సామాన్లు కట్టుకొచ్చారు కదా, ఆ కాలువే మనకు వరినిచ్చింది, వరితోపాటు కోతల్లో ఎగిరే పొట్టునూ ఇచ్చింది, రాయచూరు పత్తి మార్కెట్టు చుట్టూ తిరిగే బండ్లకైతే దూది పీచు సరేసరి, అదంతా ముందున్న కండెన్సర్ రెక్కల్లో మెత్తలా పేరుకుని గాలి ఆడనివ్వదు. బ్రష్షుతో నెమ్మదిగా దులిపి, సన్నధారతో కడిగితే సగం బండ్లు అక్కడే బాగుపడతాయి. అలాంటప్పుడు కడిగిన కూలీ మాత్రమే తీసుకో. చిన్నప్పుడు మన షెడ్డు ముందు ఎండలో నిలబడ్డ డ్రైవర్లకు ఎవరూ చెప్పకుండానే చెంబుతో మంచినీళ్లు మోసుకెళ్లినవాడివి, నీకు ఈ మాట చెప్పనక్కర్లేదు, అయినా రాస్తున్నాను.

లీకేజీ వెతకడానికి పొద్దుటి పూట మంచిది, ఇంజను చల్లగా ఉంటుంది, గాలీ తక్కువ. గాలి 30 డిగ్రీలున్నప్పుడు గేజి పెట్టి చూడు, లోపల 134ఏ గ్యాసు ద్రవంగా కాస్తయినా మిగిలి ఉంటే ముల్లు 95, 100 పీఎస్‌ఐ మధ్య నిలుస్తుంది, బాగా కిందికి ఉంటే దాదాపు అయిపోయిందన్నమాట. ముల్లు అక్కడ నిలిచినంత మాత్రాన నిండుగా ఉందని మురిసిపోకు, కొంచెం ఉన్నా నిండా ఉన్నా ఆగిన బండిలో ముల్లు ఒకటే చూపిస్తుంది.

ఆ తర్వాత ఏ మిషనూ ముట్టుకోకుండా కళ్లతో చూడు. గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది, దానికి మన దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరకవుతుంది. బానెట్ ఎత్తి దాని అడుగున చూశావా, కంప్రెసర్ క్లచ్చికి సరిగ్గా ఎదురుగా, సుద్దతో గీసినట్టు ఒకే వరసలో నూనె చినుకులు పడి ఉంటే, ముందరి షాఫ్టు సీలు పోయినట్టే. మనవైపు ఇది ఎందుకు ఎక్కువంటే, సంక్రాంతి చలికి ఎవరూ ఏసీ వెయ్యరు, నూనె తగలక సీలు ఎండిపోతుంది, మార్చిలో స్విచ్చి నొక్కగానే కారడం మొదలు. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యమని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పు, కన్నడం వాళ్లకు కన్నడంలో, ఉర్దూ వాళ్లకు ఉర్దూలో, మూడు భాషలూ నీకు వీధిలోనే వచ్చాయి కదా.

మరక దొరక్కపోతే సబ్బు నీళ్లు. జాయింట్ల దగ్గర, గ్యాసు పట్టించే వాల్వు పిన్ను మీద, కంకరరాళ్లు తగిలే కండెన్సర్ కింది అంచున పెట్టి, తొందరపడకుండా చూడు. పెద్ద లీకేజీ నురగ కక్కుతుంది, చిన్నదైతే ఆవగింజంత బుడగ ఒకటి ఉబ్బి, ఆగి, మళ్లీ ఉబ్బుతుంది, నువ్వు ఫోన్ చూసుకుంటే అది నీకు కనపడదు. ఒక్కోసారి వాల్వు మీద బిగించే చిన్న మూత లేకపోవడమే జబ్బు, లోపలి పిన్ను అరిగినా ఆ మూత కొంత ఆపుతుంది, అది పారేసి పంపే మెకానిక్కులున్నారు.

మా ఉస్తాద్ రోజుల్లో ఆర్-12 గ్యాసు, మంట దీపం పట్టుకుని వెతికేవాడు, లీకేజీ దగ్గర మంట ఆకుపచ్చగా మారేది, ఆ పొగ విషమని తెలిసి ముఖం పక్కకు తిప్పుకుని, నన్ను మాత్రం షెడ్డు బయటే నిలబెట్టేవాడు, ఆ మనిషి జాగ్రత్త నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గ్యాసు ఆకాశంలో ఓజోన్ పొరను తింటుందని 1974లో మోలినా, రౌలండ్ అనే శాస్త్రవేత్తలు రాశారు, 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, ఆర్-12 పోయింది. ఇప్పటి 134ఏలో క్లోరిన్ లేదు, ఓజోన్ జోలికి పోదు, మంట దీపానికీ చిక్కదు, కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 1,300 రెట్ల పైమాటే. అందుకని ఉన్న గ్యాసును గాలికి వదిలేసి పని మొదలెట్టకు, మిషనుతో వెనక్కి తీసుకో.

డిటెక్టరు కొన్నావటగా, మంచి పని. ఈ గ్యాసు గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు, కిందికే జారుతుంది, కాబట్టి డిటెక్టరు ముక్కు ఎప్పుడూ పైపు అడుగున పెట్టి నెమ్మదిగా జరుపు, ఫ్యాను ఆపు. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద అనుమానం వస్తే అద్దాలెక్కించి కాసేపు ఆగి, నీళ్లు కారే డ్రెయిన్ గొట్టం నోటి దగ్గర పెట్టు. అక్కడ కూసినా వెంటనే డ్యాష్‌బోర్డు ఊడదియ్యకు, అది చాలా కూలీ, పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరిగితే బండి జీవితాంతం గడగడలాడుతుంది. రంగు మందు కొంచెం ఎక్కించి, కొన్నాళ్లు తిరిగి రమ్మని, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని నీలి దీపంతో డ్రెయిన్ చూసి ఖాయం చేసుకో.

వాక్యూమ్ పట్టి ముల్లు కదల్లేదు కాబట్టి లీకేజీ లేదనేవాళ్ల మాట వినకు. వాక్యూమ్‌లో బయటి గాలి నెట్టేది 15 పీఎస్‌ఐ లోపే, మన ఎండలో బండి నడుస్తుంటే హైసైడు 250 దాటుతుంది, ఆ ఒత్తిడికే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి. నైట్రోజన్ ఎక్కించి చూడడమే సరైన పద్ధతి, ఆక్సిజన్ మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, నూనె తగిలితే పేలుతుంది.

అత్తయ్య గోంగూర పచ్చడి సీసా సింధనూరు బస్సులో పంపుతోంది, స్టాండుకెళ్లి తెచ్చుకో. నైట్రోజన్ సిలిండరు తెచ్చుకుంటానన్నావు, నిండు దాంట్లో 2,000 పీఎస్‌ఐ దాటి ఉంటుంది, రెగ్యులేటరు దొరికేదాకా ఆ సిలిండరు తెరవొద్దు, దొరకగానే నాకు ఫోన్ చెయ్యి, మొదటిసారి నేనొచ్చి పక్కన నిలబడతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య