పోటీ పరీక్షల ప్రత్యేకం: హైడ్రోజన్ కారు నడిచేదెలా?

హైడ్రోజన్ కారు టయోటా మిరాయ్ 2014 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ఇందులో హైడ్రోజన్‌ను మండించరు. అభ్యర్థులు తడబడేది ఇక్కడే. కారులోని ఫ్యూయల్ సెల్ (ఇంధన ఘటం) ఆనోడ్ వద్ద ప్లాటినం ఉత్ప్రేరకం హైడ్రోజన్‌ను ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా విడదీస్తుంది. ప్రోటాన్లు పాలిమర్ పొర గుండా కాథోడ్‌కు చేరతాయి. పొర దాటలేని ఎలక్ట్రాన్లు బయటి వలయం గుండా వెళ్లి మోటారును తిప్పుతాయి. చివరికి కాథోడ్ వద్ద ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలవగా నీరు ఏర్పడుతుంది. కారు వెనక గొట్టంలోంచి కారేది అదే. రెండో తరం మిరాయ్‌లోని మూడు ట్యాంకుల్లో 700 బార్ పీడనం వద్ద సుమారు 5.6 కిలోల వాయువు పడుతుంది.

నిర్వహణ సంగతికొస్తే, ఇంజిన్ ఆయిల్ మార్చే పనే లేదు. గాలి ఫిల్టర్‌పై మాత్రం అశ్రద్ధ పనికిరాదు: గంధక సమ్మేళనాలు లోపలికి చేరితే ఖరీదైన ప్లాటినం దెబ్బతింటుంది.

మన దేశ ప్రశ్న: 2023 జనవరి 4న కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రాథమిక వ్యయం రూ.19,744 కోట్లు.