పొలపు వాహనములకు అదనపు దీపములు: ఎన్నుకొను విధము

ఎడ్లబండి యిరుసునకు వ్రేలాడదీసిన లాంతరు దారి చూపుటకు కాదు. దారి యెద్దులకు తెలియును. వెనుక వచ్చువారికిని ఎదురు వచ్చువారికిని అచ్చట బండి యున్నదని తెలుపుటకే మన పెద్దలు దానిని కట్టెడివారు. ట్రాక్టరునకు దారి తెలియదు. కావున నేటి వాహనమునకు రెండు విధములైన వెలుగు కావలెను: తోలువాడు చూచుటకు ఒకటి, తోలువాడు ఇతరులకు కనబడుటకు ఒకటి.

రాత్రివేళ దమ్ము చేయుట, కల్లమునుండి ధాన్యము చేర్చుట, చెఱకును ఫ్యాక్టరీకి తోలుట నేడు గ్రామములలో సాధారణములైనవి. ట్రాక్టరునకును, జీపునకును, చిన్న లారీకిని తయారుచేసినవారు అమర్చిన దీపములు ముఖ్యముగా రోడ్డు ప్రయాణమునకు ఉద్దేశింపబడినవి. డొంకలలోను చేలలోను అవి తఱచుగా చాలవు. అందుచే అదనపు దీపములు కొనువారు హెచ్చుచున్నారు. కాని పెక్కురు "ఎన్ని వాట్లు?" అను ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొనుచున్నారు. ఆ ప్రశ్న యొక్కటి చాలదు. ఏమేమి విచారింపవలెనో ఇచట వరుసగా వివరింతుము.

వెలుగును కొలుచు విధము

వాటు దీపము తీసికొను విద్యుత్తునకు కొలత. ఇచ్చు వెలుగునకు కాదు. 55 వాట్ల హాలోజెను బల్బు సుమారు 1,000 మొదలు 1,500 ల్యూమెనుల వెలుగునిచ్చును. మంచి ఎల్.ఇ.డి. దీపము అంత వెలుగును 15 వాట్లతోనే యీయగలదు. ల్యూమెను మొత్తము వెలుగునకు కొలత. కాండెలా ఒక దిక్కునకు పోవు వెలుగు తీవ్రతకు కొలత. లక్సు నేలపై పడిన వెలుగునకు కొలత. నీటితో పోల్చి చూడుడు: ల్యూమెను తూము విడిచిన మొత్తము నీరు, లక్సు మడిలో ఒక్కొక్క గజము నేలకు అందిన నీరు. తూము పెద్దదైనంత మాత్రమున చివరి మడి తడియునని నమ్మకము లేదు.

కాండెలాలను మీటర్ల దూరపు వర్గముతో భాగించినచో లక్సులు తెలియును. 10,000 కాండెలాల దీపము 25 మీటర్ల దూరమున 16 లక్సులును, 50 మీటర్ల దూరమున 4 లక్సులును, 100 మీటర్ల దూరమున ఒక్క లక్సును ఇచ్చును. పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు మాత్రమే. దూరము రెట్టింపయినచో అదే వెలుగునకు నాలుగు రెట్ల తీవ్రత కావలెనని దీనివలన తేలుచున్నది. కావున అట్టపెట్టెమీద కిలోమీటరు దూరము కనబడునని వ్రాసినంత మాత్రమున మోసపోరాదు. ఎంత దూరమున ఎన్ని లక్సులని దుకాణదారుని అడుగవలెను.

ఎంత దూరము చూడవలెను?

గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము సెకనునకు 10 మీటర్లు పోవును. అడ్డము కనబడిన పిమ్మట కాలు బ్రేకుమీద పడుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, అంతలో 15 మీటర్లు గడచును. పొడి రోడ్డుమీద ఆగుటకు ఇంకొక 12 లేక 15 మీటర్లు కావలెను. ఇది మొత్తము 30 మీటర్లు. బురదలోను, తనకు బ్రేకులు లేని నిండు ట్రక్కును లాగునపుడును ఇంతకంటె నెక్కువ కావలెను. కావున అట్టి వేగమునకు మించని ట్రాక్టరు ముందు 50, 60 మీటర్లు స్పష్టముగా కనబడిన చాలును. గంటకు 60 కిలోమీటర్లతో పోవు జీపునకు పొడి రోడ్డుమీదనే 60 మీటర్లు కావలెను. గులకదారిలో దాదాపు 100 మీటర్లు కనబడవలెను. దమ్ము చేయునపుడు 10, 15 మీటర్ల ముందుచూపు చాలును. కాని గట్లు రెండును కనబడునట్లు వెలుగు వెడల్పుగా పఱచుకొనవలెను.

అంగడిలో మూడు జాతుల దీపములు దొరకును. సన్నని ధారగా దూరము పోవునది స్పాట్; వెడల్పుగా పఱచుకొనునది ఫ్లడ్; రెండును కలిసినది కాంబో. పై లెక్కనుబట్టి చూడగా, చేలలో పనిచేయు ట్రాక్టరునకు ఫ్లడ్ దీపములే సరిపోవును. దూరపు దీపము జీపులకును లారీలకును మాత్రమే, అదియును క్రింద చెప్పబోవు నిబంధనకు లోబడి, అవసరము కావచ్చును.

ఎచ్చట బిగింపవలెను?

దీపము మిక్కిలి యెత్తున నున్నచో గుంటల నీడలు చిన్నవై, గుంటయు సమతలముగా తోచును. క్రింద నున్నచో నీడలు పొడవై గతుకులు తెలియును. పైకప్పు మీది దీపము బానెట్టుపై పడి తోలువాని కంటికే తిరిగి కొట్టుట గలదు. దుమ్ములోను మంచులోను ఈ బాధ మఱింత యెక్కువ. కావున నడకకు ముందుదీపములను బంపరు ఎత్తునను, నాగలి, రోటవేటరు కనబడుటకు ఒక ఫ్లడ్ దీపమును వెనుక మడ్‌గార్డు మీదను బిగించుట మేలు. కుదుపునకు సడలకుండ గట్టి కడ్డీయు, రబ్బరు వాషరును వేయవలెను.

రంగు విషయమున అపోహ యొకటి కలదు. పసుపు వెలుగు మంచును చీల్చుకొని పోవునందురు. మంచుబిందువులు వెలుగు తరంగములకంటె మిక్కిలి పెద్దవి. అవి యన్ని రంగులను దాదాపు సమానముగనే చెదరగొట్టును. మంచులో మేలు చేయునది రంగుకంటె దీపము క్రిందుగా నుండుటయు, ధార పైకి లేవకుండుటయును. అయినను మిక్కిలి నీలిచాయ గల దీపమును కొనకుండుటయే మంచిది. అది కంటికి మిఱుమిట్లు గొలుపును. పురుగులను గూడ ఎక్కువగా రప్పించును.

విద్యుత్తు, వైర్లు

వాట్లను వోల్టులతో భాగించినచో ఆంపియర్లు వచ్చును. ట్రాక్టర్లకు 12 వోల్టులును, పెద్ద లారీలకు సాధారణముగా 24 వోల్టులును ఉండును. నాలుగు 55 వాట్ల హాలోజెను దీపములు 12 వోల్టులపై 18 ఆంపియర్లకు పైగా తీసికొనును. డైనమో శక్తి 36 ఆంపియర్లైనచో అందు సగము వీనికే పోవును. అవే నాలుగును 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములైన 7 ఆంపియర్లతో ముగియును. ఇంజను ఆపి హాలోజెను దీపములు వెలిగించుకొన్నచో, కొంతసేపటికే బ్యాటరీ క్రుంగి బండి స్టార్టు కాదు.

ఉన్న హెడ్‌లైటు స్విచ్చికే క్రొత్త దీపముల వైరు ముడివేయరాదు. బ్యాటరీకి దగ్గఱగా ఫ్యూజు, దాని తరువాత రిలే, వేఱొక స్విచ్చి యుండవలెను. రెండు 55 వాట్ల దీపముల జతకు 15 ఆంపియర్ల ఫ్యూజును, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును చాలును. వైరు ఇనుముపై రాచుకొనుచోట గొట్టము తొడుగవలెను. వరిగడ్డి మోయు బండిలో ఫ్యూజులేని వైరు నిప్పురవ్వతో సమానము. హాలోజెను దీపము బాగుగా కాలును. దానికి గడ్డి తగులనీయరాదు. ఎల్.ఇ.డి. దీపము వెనుక రెక్కలలో బురద పట్టినచో వేడి పోక దీపము చెడును, తఱచు కడుగవలెను. దీపముపై ఐపి 67 అని యున్నచో దుమ్ము చొరదనియు, మీటరు లోతు నీటిలో అరగంట యున్నను చెడదనియు అర్థము. దమ్ము చేయు ట్రాక్టరునకు అంతకు తక్కువది కొనరాదు.

ఎదుటివాని కన్ను

1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారము ముందుదీపపు ధార క్రిందికి వంగియుండవలెను. దీపమునకు 8 మీటర్ల ముందు, వాహనపు కుడి అంచునకు అర మీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న కంటికి మిఱుమిట్లు కలుగరాదు. స్పాట్ దీపము రిజిస్టరు చేయు అధికారి అనుమతి లేనిదే ముందువైపున ఉండరాదు. ఇది కేవలము జరిమానా విషయము కాదు. కన్ను చెదరిన సైకిలువాడు చూపు కుదుటపడుటకు కొన్ని సెకనులు పట్టును. అంతలో వాడు కాలువలోనికి పోవచ్చును, మన చక్రము క్రిందికిని రావచ్చును. వాడు మన యూరివాడే కావచ్చును. కావున పొలమునుండి రోడ్డెక్కగానే అదనపు దీపములను ఆర్పి తొడుగులు వేయవలెను. వెనుక పనిదీపము రోడ్డుమీద వెలుగుట మఱింత ప్రమాదము. తెల్లని వెలుగు చూచి, ఎదురుగా బండి వచ్చుచున్నదని వెనుకవాడు భ్రమపడును.

మొదటి రూపాయి వెనుక దీపమునకు

ముందు నాలుగు దీపములు వెలుగు ట్రాక్టరు వెనుక చీకటి ట్రక్కు నడచుట పెక్కు త్రోవలలో కనబడుచున్నది. చెఱకు ఆకులు వ్రేలాడి ఎఱ్ఱదీపమును కప్పివేయును. గడ్డిమోపు అద్దమును మూయును. అదే నిబంధనలు వెనుక ఎఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునకు కనబడవలెననుచున్నవి. కావున బరువు నింపిన పిమ్మట తోలువాడు దిగి, పది బారలు వెనుకకు నడచి, ఎఱ్ఱదీపములు రెండును కనబడుచున్నవో లేదో చూడవలెను. ట్రక్కు వెనుకను ప్రక్కలను వెలుగు తిప్పికొట్టు రిఫ్లెక్టరు పట్టీలు అంటింపవలెను. బండి చెడి రోడ్డుప్రక్క నిలిచి, బ్యాటరీ చచ్చినను అవి పనిచేయును. లాంతరు చేసిన పనిని నేడు అవి చేయుచున్నవి.

కొనుటకు ముందు పరీక్ష

సంఘసభ్యులు నలుగురు కలిసి కొన్నచో పరీక్షయు సులభము. చీకటి రాత్రి కల్లములో 10, 25, 50 మీటర్ల దూరములందు మూడు గుంజలు పాతి, ఒక్కొక్కదానికి నల్లని గోనె కట్టవలెను. దీపమును వెలిగించి ఏ గోనె యెంత స్పష్టముగా కనబడునో చూడవలెను. తరువాత ఒకరు ఎదురుగా సైకిలుమీద కూర్చుండి, తన కంటికి బాధ కలుగకుండువఱకు ధారను క్రిందికి దింపింపవలెను. ఈ రెండవ పరీక్షలో నెగ్గని దీపము ఎంత చౌకయైనను కొనదగదు.

సొమ్ము వ్యయపఱచు క్రమము ఇది: మొదట వెనుక ఎఱ్ఱదీపములు, రిఫ్లెక్టరు పట్టీలు, రెండవది ఫ్యూజు, రిలే, మంచి వైరు, మూడవది పనికి తగిన ఫ్లడ్ దీపములు, కడపటిది, నిజముగా అవసరమై అనుమతియు దొరికిననే, దూరపు దీపము. ఈ క్రమము తప్పక పాటించినచో మన సభ్యుల బండ్లు రాత్రివేళ పని సాగించుకొని, తోలువారిని, దారినపోవువారిని క్షేమముగా ఇండ్లకు చేర్చును.