రేడియో నాటికలో మౌనం ఎంతసేపు?

రేడియో నాటికకు తెర లేదు, రంగు దీపాలు లేవు. వినేవారికి ఉన్నవల్లా రెండు చెవులే. పలచటి ఇనుప రేకును పట్టుకుని ఊపితే ఉరుము, కొబ్బరి చిప్పలు రెండు తాటిస్తే గుర్రపు డెక్కల చప్పుడు. ఇవి పాత ఉపాయాలే. మీరు భౌతికశాస్త్రం మీద నాటిక తయారుచేయాలనుకుంటే మాత్రం, రేకుతోపాటు సెకన్ల ముల్లున్న గడియారం కూడా దగ్గర పెట్టుకోవాలి.

ఒక తాత, మనవడు మేకలు కాస్తున్నారనుకోండి. "తాతా, మెరుపు!" అంటాడు మనవడు. వెంటనే రేకు ఊపేస్తే నాటిక అబద్ధం చెప్పినట్లే! వెలుగు కన్ను మూసి తెరిచేలోగా మనల్ని చేరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున నడిచి రావాలి, అంటే కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు. అందుకని 18 సెకన్లు ఆగండి. మేకల మెడగంటలు తప్ప ఇంకేమీ వినిపించకూడదు. ఆ తరువాతే ఉరుము. పిడుగు పడిన చోటు 6 కిలోమీటర్ల దూరంలో ఉందన్నమాట.

"ఒరే, ఆ చింతచెట్టు కిందకు పోదాం రా!" అంటాడు తాత. "చెట్టు కిందకు వద్దు తాతా, బడి మేడలోకి పోదాం" అంటాడు మనవడు. వాడు చెప్పిందే సరి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే ఆరుబయట ఉండటం ప్రమాదం. ఇద్దరూ పరుగు తీస్తారు. రెండో మెరుపుకు మౌనం 12 సెకన్లు. మూడోదానికి 6. గాలివాన దగ్గరపడుతోందని ఎవరూ చెప్పనక్కరలేదు, వినేవారు తామే లెక్కపెట్టుకుంటారు.

చంద్రుడి కథ అయితే చిక్కు ఎక్కువ. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి భూమితో మాట్లాడారు. దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. రేడియో తరంగాలు కాంతి వేగంతోనే పోయినా ఒక వైపుకు 1.3 సెకన్లు పడుతుంది. భూమి మీద నుంచి ప్రశ్న వేస్తే, జవాబు రావడానికి కనీసం 2.6 సెకన్లు. వ్యోమగామి ఆలోచిస్తున్నాడని కాదు సుమా! ప్రశ్న అతనికి చేరగానే చెప్పేస్తున్నాడు. మరి వినేవారిని చంద్రుడి మీద, అతని పక్కన కూర్చోబెడితే? భూమి అడిగినదానికి జవాబు అప్పటికప్పుడే వినిపిస్తుంది. అతను అడిగినప్పుడే ఆలస్యం. కాబట్టి నాటిక రాయడానికి ముందే వినేవారు ఎక్కడున్నారో తేల్చుకోండి. ఒకే రంగంలో రెండు వైపులా మౌనం పెడితే లెక్క తప్పుతుంది.

అంగారకుడి జోలికి మాత్రం పోకండి. అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా అది దాదాపు 5.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ప్రశ్నకూ జవాబుకూ నడుమ 6 నిమిషాలు! అంతసేపు ఏమీ వినిపించకపోతే రేడియో కట్టేసి పోతారు. అక్కడి పాత్రల చేత ఉత్తరాలు చదివించడమే మేలు.