అప్పు చేసే ముందు అడగాలి

బిడ్డకు జ్వరం వస్తే తల్లికి నిద్ర పట్టదు. పెద్ద జబ్బు వస్తే ఇల్లంతా తల్లడిల్లుతుంది. బిడ్డ ఏమవుతుందో అని ఒక బాధ. పైసలు ఎక్కడ తేవాలో అని ఇంకో బాధ. అప్పుడు మన కాళ్లు ముందు ఎటు పోతాయి? అప్పు ఇచ్చేవాని ఇంటికి. కానీ అంతకన్నా ముందు పోవలసిన చోట్లు ఉన్నాయి. అవి ఏవో ఈ పాఠంలో తెలుసుకుందాం. ముందు ఒక కథ చదవండి.

రాములమ్మ కథ

రాములమ్మది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. భర్త పేరు బాలయ్య. ఇద్దరూ కూలికి పోతారు. అర ఎకరం చెలక ఉంది. వాళ్ల బిడ్డ మల్లికకు మూడేండ్లు.

మల్లిక పుట్టినప్పటి నుంచి సరిగా బరువు పెరగలేదు. పాలు తాగేటప్పుడు ఆయాసం వచ్చేది. నుదుట చెమట పట్టేది. మాటిమాటికి దగ్గు, జ్వరం. "పిల్లది బక్కది, అంతే" అనుకున్నారు అందరూ. ఒకనాడు ఆడుకుంటూ ఆడుకుంటూ కూలబడింది. ఊపిరి ఆడలేదు. టౌనులో ఒక ప్రైవేటు దవాఖానకు ఎత్తుకుపోయారు.

డాక్టరు పరీక్ష చేశాడు. "గుండెలో రంధ్రం ఉంది. ఆపరేషన్ చేయాలి. మందులు రాస్తాను. ఇవాళే ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ నెలలు గడపవద్దు" అన్నాడు. కౌంటరు దగ్గర ఖర్చు చెప్పారు. 2,50,000 రూపాయలు.

బాలయ్యకు నోట మాట రాలేదు. కౌంటరులో ఉన్నాయన ఒక కాయితం ముందుకు జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు.

రాములమ్మ రాత్రి బడిలో చదువుకున్నది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివింది. ఒక చోట ఆగింది.

"ఇక్కడ 'సొంత ఖర్చుతో' అని ఉంది. మాకు రేషన్ కార్డు ఉంది గదా. ఆరోగ్యశ్రీ లేదా సారూ?"

"మా దవాఖాన ఆ పథకంలో లేదమ్మా."

"అయితే ఇప్పుడు సంతకం పెట్టను. మా రిపోర్టులు మాకు ఇయ్యండి. అడిగి వస్తాం."

ఊరికి వచ్చినాక బాలయ్య షావుకారు దగ్గరికి పోయాడు. "నూటికి మూడు రూపాయల మిత్తి. చెలక కాయితాలు నా దగ్గర పెట్టు" అన్నాడు షావుకారు.

రాత్రి రాములమ్మ పలక తీసి లెక్క వేసింది.

నూరు రూపాయలకు నెలకు మిత్తి 3 రూపాయలు.
లక్షకు 3,000 రూపాయలు.
రెండున్నర లక్షలకు 7,500 రూపాయలు.
ఏడాదికి 90,000 రూపాయలు.

"ఏడాదంతా కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. చెలక పోతది" అంది రాములమ్మ.

"మరి బిడ్డను వదులుకుందామా?" బాలయ్య గొంతు బొంగురుపోయింది.

"బిడ్డనూ వదలం. చెలకనూ వదలం. రేపు పొద్దున అడుగుదాం. అడిగితే పైసలు పోవు గదా" అంది.

తెల్లారి ఆశ కార్యకర్త ఇంటికి పోయింది. "అక్కా, నా బిడ్డ రిపోర్టు ఇది. ఏం చేయాలి?" అని అడిగింది. ఆశక్క 104కు ఫోన్ చేసింది. పిల్లల గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందని చెప్పారు. ఏ దవాఖానలో చేస్తారో కూడా చెప్పారు.

హైదరాబాదుకు పోయారు. దవాఖానలో ఆరోగ్యమిత్ర కార్డు చూశాడు. "ఇందులో పాప పేరు లేదు. పుట్టిన సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు. అది రాములమ్మ సంచిలోనే ఉంది. మళ్లీ పరీక్షలు చేశారు. పథకం ఆఫీసు నుంచి అనుమతి వచ్చేదాకా ఆగారు. తర్వాత ఆపరేషన్ అయింది.

బస్సు కిరాయిలకు, పక్కన ఉన్నవాళ్ల తిండికి పైసలు కావాలి. కూలి కూడా పోయింది. అందుకు మహిళా సంఘంలో 12,000 రూపాయలు అప్పు తీసుకుంది. నూటికి రూపాయి మిత్తి. నెలకు 120 రూపాయలు. ఆ అప్పు ఇంకా తీరుస్తున్నది. మల్లికను డాక్టరు చెప్పిన తేదీకి చూపించుకొని వస్తున్నది. చెలక మీద మాత్రం ఎవరి చేయీ పడలేదు.

ఎక్కడ అడగాలి?

1. ఆశ, అంగన్‌వాడీ టీచరు: పిల్లల కోసం 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తున్నది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏండ్ల వరకు ఇందులో పరీక్షలు చేస్తారు. డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. గుండె రంధ్రం, గ్రహణం మొర్రి, వంకర పాదం, చెవుడు వంటివి కనిపెట్టి పెద్ద దవాఖానకు పంపుతారు. ఆ చికిత్సకు పైసలు తీసుకోరు. బృందం వచ్చిన రోజున బిడ్డను తప్పక చూపించండి.

2. ఆరోగ్యశ్రీ: ఇది 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. అన్ని జబ్బులూ ఇందులో ఉండవు. అన్ని దవాఖానలూ ఉండవు. అందుకే ముందు 104కు ఫోన్ చేసి అడగాలి. అనుమతి వచ్చాకే ఆపరేషన్ చేయించాలి. సొంత పైసలతో వేరే చోట చేయించుకొని తర్వాత అడిగితే ఈ పథకంలో తిరిగి ఇవ్వరు.

3. ముఖ్యమంత్రి సహాయ నిధి: జబ్బు పథకంలో లేకపోతే దీనికి దరఖాస్తు పెట్టాలి. మీ ఎమ్మెల్యే ఆఫీసులో అడగండి. అసలు బిల్లులు కావాలి. ఇచ్చే ముందు అన్నిటికీ జిరాక్సులు తీసి దాచుకోండి. "పని చేయిస్తా, ఇంత ఇయ్యి" అనే దళారులను నమ్మకండి.

ప్రాణం మీదికి వస్తే

అప్పుడు పథకాలు వెతుకుతూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి. దగ్గరి దవాఖానకు పోండి. ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది. అది సర్కారు దవాఖానకైనా, ప్రైవేటు దవాఖానకైనా వర్తిస్తుంది.

సంచిలో ఉండాల్సిన కాయితాలు

రేషన్ కార్డు. ఆధార్ కార్డులు. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్. టీకాల కార్డు. డాక్టరు చీటీలు, రిపోర్టులు, స్కానింగులు. ప్రతి బిల్లు, చిన్నదైనా సరే.

రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఉన్నాయా? ఇవాళే తీసి చూడండి. లేకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టండి. జబ్బు వచ్చినాక తిరగడం కష్టం.

ఈ గుర్తులు మరవకండి

వెయ్యి మంది పిల్లలు పుడితే ఎనిమిది, తొమ్మిది మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. పాలు తాగుతూ అలసిపోవడం, చెమట పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికి నిమ్ము చేయడం, పెదవులు నీలంగా మారడం దీని గుర్తులు. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే పూడుతాయి. కొన్నిటికి ఆపరేషన్ కావాలి. ఏది ఏదో డాక్టరే చెప్పాలి. ఇది తల్లి పాపం కాదు, గ్రహచారం కాదు. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది.

మాట్లాడుకుందాం

1. రాములమ్మ కౌంటరు దగ్గర సంతకం ఎందుకు పెట్టలేదు?
2. మీ ఊరిలో పిల్లల వైద్యానికి భూమి, పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లు ఉన్నారా? వాళ్లకు ఏ దారి చెప్పి ఉంటే బాగుండేది?
3. మీ సంఘంలో అత్యవసరానికి అప్పు దొరుకుతుందా? ఎన్ని రోజుల్లో ఇస్తారు?

లెక్క చేయండి

20,000 రూపాయలకు నూటికి మూడు రూపాయల చొప్పున నెలకు మిత్తి ఎంత? నూటికి రూపాయి చొప్పున ఎంత? రెండిటికీ తేడా ఎంత?

రాయండి

మీ ఊరి ఆశ కార్యకర్త పేరు, ఫోన్ నంబరు, 104, 108 ఒక కాయితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో అందరికీ కనపడేలా గోడకు అంటించండి.