పసిపిల్లల మాటతీరు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామములో ఒక బిడ్డకు మాట ఆలస్యమైనచో తల్లిదండ్రులు మొదట ఇంటి పెద్దలను, పిదప ఇరుగుపొరుగు వారిని అడుగుదురు. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చింది, వీడికీ వస్తుందిలే" అను సమాధానము తరచుగా లభించును. కొన్ని యెడల ఆ మాట నిజమే యగును. కొన్ని యెడల దానిని నమ్మి రెండు మూడు సంవత్సరములు వేచియుండుటచే బిడ్డకు తీరని నష్టము కలుగును. ఏది వయస్సుతోపాటు సర్దుకొనునో, ఏది పరీక్ష కోరునో గోదావరి డెల్టాలోని పంచాయతీ సభ్యులకు తెలుపుటకై మేమీ పాఠమును వ్రాయుచున్నాము.

ఇది ఇంటి విషయము గదా, పంచాయతీకి దీనితో పని యేమని కొందరడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ సవరణ ద్వారా రాజ్యాంగమున పదునొకండవ షెడ్యూలు చేరినది. అందు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి, వికలాంగుల సంక్షేమము వానిలోనివే. కావున రహదారి, మంచినీటి చెరువు వలెనే పసిబిడ్డ మాటయు సభ్యుల దృష్టికి రాదగిన విషయమే.

సహజమైన ఎదుగుదల

శిశువు రెండు మూడు నెలలకు "ఉంగా" యని ఊకొట్టును. ఆరు నెలలు దాటిన పిదప "బాబాబా", "తాతాతా" యని అక్షరములను వరుసగా పలుకును. ఏడాదికి అటునిటుగా "అమ్మ", "అత్త" వంటి మొదటి మాట వచ్చును. రెండేండ్లు నిండునప్పటికి "అమ్మా బువ్వ", "తాత రా" యని రెండు మాటలను కూర్చును. మూడేండ్లకు చిన్న వాక్యములు పలుకును. పిల్లలందరు ఒకే తేదీకి ఒకే మెట్టు ఎక్కరు. ఒకటి రెండు నెలల తేడా సాధారణమే.

బువ్వ, లాల, బజ్జో అను ముద్దుమాటలు పెద్దలే నేర్పునవి. వాని వలన హాని లేదు. ర, ళ, ణ, శ, ష వంటి ధ్వనులు పిల్లల నోట ఆలస్యముగా కుదురును. అందువలన బిడ్డ "కారు"ను "కాలు" అనవచ్చును. అట్టి సమయమున మందలింపక, "అవును, కారు వచ్చింది" అని సరియైన మాటను వినిపించిన చాలును. గేదెను, మేకను గూడ "బౌబౌ" అనుట బిడ్డ మాటల అర్థమును వెదకుకొనుచున్నదనుటకు గుర్తు. కోనసీమ బిడ్డ మాటకు ముందు "ఆయ్" అనుట యాసయే కాని దోషము కాదు. ఇంట రెండు భాషలు వినబడుట వలన మాట చెడునను భయమును అక్కరలేదు.

నత్తి వలె తోచు మాట

రెండు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో కొందరు "నా... నా... నాకు" అని మొదటి అక్షరమును మరల మరల పలుకుదురు. వీరిలో ఎక్కువమందికి కొంతకాలమునకు చికిత్స లేకయే అది తగ్గిపోవును. "మెల్లగా చెప్పు", "మళ్ళీ చెప్పు" అని నలుగురిలో అదలించుట, నత్తివాడని పేరు పెట్టుట, బిడ్డ చెప్పబోవు మాటను మనమే పూర్తిచేయుట మానవలెను. బిడ్డ చెప్పువరకు ఓపికతో వినుటయే మేలు. ఆరు నెలలు దాటినను తగ్గకున్నను, మాట పెగలక ముఖము బిగియుచున్నను, ఆ కుటుంబములో పెద్దవారికి నత్తి నిలిచిపోయి యున్నను, వాక్చికిత్సకునికి చూపవలెను.

మొదట చూడవలసినది చెవి

ఈ పాఠమున సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యిది: మాట ఆలస్యమైనచో నాలుకను చూచుటకు ముందు చెవిని పరీక్షింపవలెను. బిడ్డ మాటను చెవి ద్వారా నేర్చును. మూగవారని పిలువబడు పిల్లలలో పెక్కుమందికి గొంతు, నాలుక సరిగానే యుండును. వినబడకపోవుట చేతనే మాట రాలేదు.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) సవర భాష నేర్చుటకై కొండసీమలలో తిరిగి, మలేరియా జ్వరమునకు క్వినైను వాడి, దాని వలన వినికిడిని పోగొట్టుకొనిరి. అయినను వారి మాట పోలేదు. భాష అప్పటికే వారికి స్వాధీనమై యుండెను. పుట్టుకతో వినబడని బిడ్డకు అట్టి నిలువ లేదు. ఎవరైన సకాలమున గుర్తించినగాని భాష ఆ బిడ్డను చేరజాలదు.

ప్రపంచమున ప్రతి వేయిమంది శిశువులలో సుమారు ఒకరి నుండి ముగ్గురి వరకు గట్టి వినికిడి లోపముతో పుట్టుచున్నారు. ఏటికి నూరు కాన్పులు జరుగు పెద్ద గ్రామములో, పాలకవర్గపు రెండు పదవీకాలములలో, అట్టి బిడ్డ ఒకరైనను ఉండుటకు అవకాశము కలదు.

గర్భిణికి రుబెల్లా సోకుట, నెలలు నిండకుండ పుట్టుట, పుట్టినప్పుడు తీవ్రమైన కామెర్లు వచ్చుట, మెదడుపొరల వాపు, ఇవి వినికిడిని చెరచును. రుబెల్లాను అరికట్టుటకే 2017 ఆగస్టులో మన రాష్ట్రమున తట్టు, రుబెల్లా టీకాల ఉద్యమము నడచినది. మేనరికము, మేనమామతో పెండ్లి వంటి దగ్గరి సంబంధములలో పుట్టుచెవుడు వచ్చు అవకాశము హెచ్చు. అట్టి యిండ్లలో పుట్టిన ప్రతి శిశువునకు పరీక్ష చేయించుట శ్రేయస్కరము. చెవిలో చీము కారుటను గూడ ఉపేక్షింపరాదు. వేడి నూనె పోయరాదు.

ఈ లోపము తల్లికి గూడ తెలియకుండుటకు కారణములు కలవు. చెవుడుగల శిశువు సైతము మొదటి నెలలలో "ఉంగా" అనును. పళ్ళెము మ్రోగించినప్పుడు చేతి నీడను చూచియో, నేల అదురును గ్రహించియో తల త్రిప్పును. కొందరికి డప్పు వినబడును గాని స, చ, త వంటి సన్నని ధ్వనులు వినబడవు. అందువలన ఇంట చప్పట్లు కొట్టి నిశ్చయించుకొనుట చాలదు. ఆసుపత్రిలో బిడ్డ నిద్రించుచుండగనే, చెవిలో చిన్న గొట్టమునుంచి నొప్పి లేకుండ పరీక్షింతురు. మొదటి నెలలో తొలి పరీక్ష, మూడవ నెలకు రోగనిర్ణయము, ఆరవ నెలకు వినికిడి యంత్రము మొదలగు సహాయము, ఇది వైద్యులు పెట్టుకొన్న గడువు. అదను దాటిన పిదప నారు పోసిన రైతునకు పంట ఎట్లు తగ్గునో, ఇదియు అట్టిదే. గడువు దాటినచో ఆశ వదలుకొనవలెనని కాదు. ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు.

ఆగక చూపవలసిన లక్షణములు

"పాలు కావాలా?" అని అడిగిన బిడ్డ "పాలు కావాలా" అని తిరుగ పలుకుట చిన్న వయస్సులో సహజమే. అయితే పేరు పెట్టి పిలిచినను పలుకక, కన్నులలోనికి చూడక, తనకు నచ్చిన వస్తువును వ్రేలితో చూపక, విన్న మాటలనే అర్థము లేకుండ వల్లించుచున్నచో అది ఆటిజము కావచ్చును. ఫోనులో చూచిన బొమ్మల ఇంగ్లీషు పాటలన్నియు పాడు బిడ్డ "నీళ్ళు కావాలి" అని అడుగలేకున్నచో దానిని తెలివిగా భావించి మురియరాదు. ఏడాదిన్నరకు ఒక్క మాటయు రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చకున్నను పరీక్ష చేయింపవలెను. వచ్చిన మాటలు ఏ వయస్సులోనైన పోయినచో ఆలస్యము చేయరాదు.

కొన్ని అపోహలు

మాట వచ్చుటకు వసకొమ్ము అరగదీసి నాకించు ఆచారము మన యిండ్లలో కలదు. వస వలన వినికిడి లోపము తీరదు. అందు బీటా అసరోన్ అను హానికర పదార్థమున్నదని అమెరికాలో 1968లో ఆహారమున దాని వాడుకను నిషేధించిరి. నాలుక క్రింది పొరను కోయించిన మాట వచ్చుననుటయు సాధారణముగా నిజము కాదు.

తల్లి గల్ఫు దేశములకు పనికి పోగా అమ్మమ్మ చేతిలో పెరుగు పిల్లలు మన జిల్లాలలో కలరు. అట్టి బిడ్డకు మాట రాకున్నచో "తల్లి బెంగ" యని సరిపెట్టుకొందురు. ఆ నిందచే అసలు కారణము మరుగున పడును. ఆ బిడ్డ చెవినిగూడ ముందు చూపవలెను. బిడ్డను ఊరుకోబెట్టుటకు ఫోను ఇచ్చుటయు తగదు. రెండేండ్ల లోపు పిల్లలకు తెర చూపుట మంచిది కాదనియు, రెండు నుండి నాలుగేండ్ల వారికి రోజునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

పంచాయతీ చేయదగిన పనులు

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దాని సంచార వైద్యబృందము అంగన్వాడీ కేంద్రమునకు ఏటికి రెండు పర్యాయములు వచ్చి పిల్లలను చూడవలెను. వినికిడి లోపము, మాట ఆలస్యము, ఆటిజము ఆ పరీక్షలలో చేరినవే. అనుమానమున్న వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బృందము వచ్చు తేదీని ముందే తెలిసికొని దండోరా వేయింపుడు. ఆ దినమున ఊడ్పులకు, చెరువుల పనికి పోవు తల్లులు బిడ్డలతో హాజరగునట్లు చూడుడు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినందున ఎచ్చటికి పోవలయునో కొందరికి తెలియకున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి, ఆసుపత్రి పేరును, పరీక్షలు జరుగు దినములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. లంక గ్రామముల వారు పడవ దాటి, బస్సు పట్టి పోవలయును గనుక తోడు పంపు ఏర్పాటు చేయుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశమున ప్రతి నెల ఆశా కార్యకర్తను ఒక ప్రశ్న అడుగుడు: ఈ నెల పుట్టిన ఏ బిడ్డకు చెవి పరీక్ష ఇంకను జరుగలేదు?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 లోపములలో వినికిడి, వాక్కు, ఆటిజములు కలవు. ధ్రువపత్రము పొందుటలో ఆ కుటుంబమునకు తోడ్పడుడు. సైగల భాష కూడ భాషయేనని, దానిని నేర్చిన బిడ్డ చదువునకు అర్హుడేనని గ్రామమునకు తెలుపుడు.

"వస్తుందిలే" అని చెప్పువారు దయతోనే చెప్పుదురు. సభ్యులు దానికి ఒక మాట చేర్చవలెను: "రావచ్చును, కాని ముందు చెవి చూపించుకొని రండి." పరీక్షలో లోపము లేదని తేలినచో తల్లికి నిశ్చింత; ఉన్నదని తేలినచో బిడ్డకు కాలము దక్కును.