కల్లం దగ్గర కుక్కకు మజ్జిగ పోయవచ్చా?

మిరప కోతలు చివరికొచ్చాయి. తుళ్లూరు మండలంలో పెదపరిమి, వడ్డమాను వైపు నల్లరేగడి చేలల్లో ఏరిన కాయ కల్లాల మీద ఎండుతోంది. కాయలో తేమ 10, 11 శాతానికి దిగి టిక్కీలకు ఎత్తేదాకా రైతుకు రాత్రీ పగలూ అక్కడే మకాం. రైతుతోపాటు కుక్కకూ అక్కడే మకాం. మధ్యాహ్నం క్యాను మూత తీసి మనం మజ్జిగ తాగుతుంటే అది ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. చూస్తూ తాగలేక మిగిలింది దాని ముందు పోస్తాం. అలా పోయడం మంచిదేనా అని చాలామంది అడుగుతున్నారు. ఉప్పు, ఉల్లి, మిరప పడని పలచటి మజ్జిగ కొద్దిగా పోయవచ్చు. తాలింపు మజ్జిగ, తీపి లస్సీ వద్దు. ఏ మజ్జిగైనా నీళ్లకు బదులు కాదు.

పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంటుంది. తల్లిపాలు తాగే వయసులో కుక్కపిల్ల దాన్ని బాగానే అరిగించుకుంటుంది. పాలు మానాక ఆ శక్తి చాలా కుక్కల్లో తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగి నీటిని లాగుతుంది, పులుస్తుంది. కడుపుబ్బరం, గ్యాసు, పారుడు అందుకే వస్తాయి. తోడు వేసినప్పుడు ఆ చక్కెరలో కొంత భాగాన్ని సూక్ష్మజీవులు తినేసి పులుపుగా మారుస్తాయి. ఆ పెరుగును చిలికి, వెన్న తీసి, మూడింతల నీళ్లు కలిపితే మిగిలే లాక్టోజు పాలతో పోలిస్తే బాగా తక్కువ, కొవ్వు కూడా తక్కువే. పాలు పడని కుక్కకు కూడా పలచటి మజ్జిగ పడటానికి కారణం ఇదే. చిన్నప్పటినుంచీ ఇంట్లో పెరుగన్నం తిని పెరిగిన నాటుకుక్కకు సాధారణంగా ఇబ్బంది రాదు. కొత్తగా పోసేటప్పుడు మాత్రం మొదట రెండు మూడు చెంచాలే పోసి, ఒకరోజు దాని పెంట ఎలా ఉందో చూడండి. పలచబడితే దానికి మజ్జిగ సరిపడదన్నమాట, మానేయండి. సరిపడితే పదిహేను కిలోల కుక్కకు రోజుకు ఒక చిన్న గ్లాసు చాలు.

అసలు చిక్కు మజ్జిగలో మనం కలిపేవాటితోనే. ఎండాకాలం మన మజ్జిగలో ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, తరిగిన ఉల్లిపాయ పడితేనే మనకు రుచి. వీటిలో కుక్కకు నిజంగా విషమయ్యేది ఉల్లి. ఉల్లిలోని గంధకపు పదార్థాలు కుక్క నెత్తురులోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, కణాలు పగిలిపోతాయి. పచ్చిదైనా, ఉడికిందైనా, ఎండబెట్టి పొడి చేసిందైనా ఒకటే. వెల్లుల్లిదీ అదే తీరు. మజ్జిగ తాగిన రోజున ఏమీ కనపడదు. మూడు నాలుగు రోజులు గడిచాక కుక్క నీరసిస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రగానో గోధుమరంగులోనో వస్తుంది. అప్పటికి తాగిన మజ్జిగ సంగతి ఎవరికీ గుర్తుండదు, ఎండదెబ్బ అనుకుంటారు. కుక్క బరువులో కిలోకు 15 గ్రాముల ఉల్లి ఒకేసారి కడుపులో పడితే ప్రమాదమని పశువైద్యులు చెబుతారు. గ్లాసు మజ్జిగలో అంత ఉండదు, నిజమే. కానీ మధ్యాహ్నం మజ్జిగలో కొంత, రాత్రి పులుసన్నంలో కొంత, ఇలా రోజూ కొద్దికొద్దిగా పడినా ఆ నష్టం పేరుకుంటూ పోతుంది. కల్లం కుక్కకు మన క్యారేజీలో మిగిలిందే తిండి కనుక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఉప్పు మరో సమస్య. తాగేందుకు మంచినీళ్లు అందుబాటులో ఉన్న కుక్క కొద్దిపాటి ఉప్పును మూత్రంలో పోగొట్టుకుంటుంది. ఎండలో నీళ్లు లేక నాలుక వేలాడేసిన కుక్కకు ఉప్పు మజ్జిగ పోస్తే దాహం ఇంకా పెరుగుతుంది. మనకు చెమటతో ఉప్పు పోతుంది గనుక ఉప్పు మజ్జిగ మనకు మేలు చేస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ నోటి తడిని ఆవిరి చేసి ఒంటి వేడి దించుకుంటుంది. దానికి ఖర్చయ్యేది నీళ్లు, ఉప్పు కాదు.

కాబట్టి పొద్దున ఇంట్లో మజ్జిగ చిలికి నీళ్లు కలపగానే, ఉప్పూ తాలింపూ పడకముందే, కుక్క వాటా చిన్న సీసాలో వేరే తీసి పెట్టండి. ఇంట్లో ఆడవాళ్లకు ఈ మాట ఒకసారి చెబితే సరిపోతుంది. కొట్లో కొన్న ప్యాకెట్ మజ్జిగలో ఉప్పు, మసాలా ముందే కలిసి ఉంటాయి, అది కుక్కకు వద్దు. తీపి లస్సీలో పంచదార ఎక్కువ. ఎండుద్రాక్ష వేసిన లస్సీ మరీ ప్రమాదం, ద్రాక్ష తాజాదైనా ఎండుదైనా కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఇంట్లో మధుమేహం ఉన్నవారికోసం తెచ్చే చక్కెర లేని తీపి పదార్థాల్లో కొన్నిటిలో జైలిటాల్ ఉంటుంది. మనిషికి అది పర్వాలేదు, కుక్కకు మాత్రం కొద్దిపాటిది పడినా నెత్తురులో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మామిడిపండు లస్సీ తీసే ఇళ్లలో టెంకలు కుక్కకు అందకుండా పారేయండి. మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

ఇక నీళ్లు. మామూలు రోజుల్లో కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, అంటే పదిహేను కిలోల కుక్కకు దాదాపు లీటరు. వడగాడ్పుల్లో అంతకు రెట్టింపు పెట్టినా తాగేస్తుంది. మట్టి మూకుడునో తొట్టినో పాకలో నీడకు పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు మార్చండి. మజ్జిగ పోసిన గిన్నెను మాత్రం తాగిన వెంటనే కడిగెయ్యాలి. ఎండకు అరగంటలో పుల్లబడి ఈగలు ముసురుతాయి. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో మజ్జిగ పోయకండి, పులుపుకు చిలుం దిగుతుంది.

గిన్నె గురించి మరొక్క మాట, గట్టిగా చెప్పాల్సిన మాట. చేలగట్ల మీద పురుగుమందు డబ్బాను సగానికి కోసి కుక్కకు నీళ్ల గిన్నెగా పెట్టడం కనిపిస్తూనే ఉంటుంది. పిడి ఉన్న డబ్బాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఆ బోలు పిడి లోపలికి చెయ్యి దూరదు, బ్రష్షూ దూరదు. అడుగు అంచు మడతలోనూ, మూత మరల సందుల్లోనూ మందు అంటుకుని ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోసి, మళ్లీ ఎవరూ వాడకుండా డబ్బాకు తూట్లు పొడవండి. దానిలో నీళ్లు గానీ మజ్జిగ గానీ కుక్కకైనా కోడికైనా పోయకండి. పిల్లలు తీసుకునే చోట అసలు వదలకండి.

కాపలా కుక్క ఎండుకాయ రాశి మీద పడుకోకుండా చూడటం కూడా ఈ నెలలో మీ పనే. దాని పెంట, మూత్రం వల్ల కాయకు సాల్మొనెల్లా సోకవచ్చు. ఎగుమతి మిర్చికి ఆ పరీక్ష ఉంటుంది. పరదా పట్టాల చుట్టూ వల కట్టి, కుక్కకు రాశికి కాస్త దూరంగా వేరే నీడ చూపించండి. దుమ్ముకు దాని కళ్లూ ముక్కూ మండిపోవు, మీ సరుకూ శుభ్రంగా ఉంటుంది.

ఎండదెబ్బ తగిలిన కుక్క ఆగకుండా రొప్పుతుంది, చిగుళ్లు ముదురు ఎరుపెక్కుతాయి, చొంగ చిక్కబడుతుంది, నడక తూలుతుంది. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, అది 105 దాటితే ప్రాణాపాయం. అప్పుడు మజ్జిగ కోసం వెతకకండి. నీడలోకి తెచ్చి, బోరు కింద పెట్టో బిందెలతోనో ఒంటినిండా నీళ్లు పోస్తూ విసరండి. తడి గోనెపట్టా కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. లేచి తనంతట తాను తాగితే కొద్దికొద్దిగా నీళ్లు పెట్టండి. స్పృహ లేని కుక్క నోరు తెరిచి మజ్జిగ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే చంపవచ్చు. కాస్త చల్లబడ్డాక ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మందు తాగిన కుక్కకు మజ్జిగ విరుగుడని మన ఊళ్లలో పాత నమ్మకం. ఇది కుక్కను కాపాడదు, విలువైన గంటను మింగేస్తుంది. ఎలుకల కోసం పెట్టిన జింక్ ఫాస్ఫైడు తిన్న కుక్క విషయంలో మజ్జిగ మరీ చేటు. కడుపులోని ఆమ్లం తగిలితేనే ఆ మందు నుంచి విషవాయువు పుడుతుంది, పుల్లటి మజ్జిగ ఆ పనికి తోడవుతుంది. వాంతి నుంచి కూడా ఆ వాయువు వస్తుంది కనుక ముఖం దగ్గర పెట్టి చూడకండి, గాలి ఆడే చోటికి మార్చండి. కొన్ని రకాల పురుగుమందులు పడితే చొంగ, కన్నీళ్లు, పారుడు, వణుకు కనిపిస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. అలాంటి కుక్కకు అట్రోపిన్ ఇంజెక్షన్ పశువైద్యుడే ఇవ్వాలి. డబ్బానో, చింపిన ప్యాకెట్టో వెంట పట్టుకెళ్లండి, పేరు తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

నోట్లోంచి చొంగ కారుతూ, దవడ వేలాడుతూ, ఇష్టమైన మజ్జిగ కూడా మింగలేని కుక్క కనపడితే గొంతులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెట్టకండి. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. ఆ చొంగ గాయానికి తగిలినా ప్రమాదమే. లక్షణాలు వచ్చాక ఆ వ్యాధికి కుక్కకూ మనిషికీ మందు లేదు. కరిస్తే గాయానికి కారం, సున్నం అద్దకండి. పదిహేను నిమిషాలు ధారగా పడే నీటితో, సబ్బుతో కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. మీ కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, తర్వాత పశువైద్యుడు చెప్పినట్టు ఏటా వేయించండి. సందేహం ఉంటే మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి అడగండి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. కేసు పెద్దదైతే కృష్ణ దాటి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. ఫోన్ చేసేటప్పుడు కుక్క బరువు సుమారుగా ఎంత, ఏం తిన్నది, ఎన్ని గంటలైంది అన్న మూడు వివరాలు దగ్గర పెట్టుకోండి.