ఇంజను విప్పుటకు ముందు ఆయిలు ఒత్తిడిని కొలువవలెను

"ఆయిల్ ప్రెషరు లేదు, ఇంజను బోరుకు వచ్చినది" అను మాట మరమ్మతు షెడ్లలో తరచుగ వినబడును. వినువారు దీనిని ఒకే మాటగ గ్రహింతురు. నిజమునకు ఇవి రెండు వేరు మాటలు. మొదటిది సత్యమై రెండవది అసత్యము కావచ్చును. ఈ భేదము తెలియని చోట పంచాయతీ నిధి అనవసరముగ వ్యయమగును.

గ్రామ పంచాయతీ సభ్యులకు ఇంజను సంగతులతో పనియేమి యని సందేహింప నక్కరలేదు. 2019వ సంవత్సరము సెప్టెంబరులో పల్లె ప్రగతి ఆరంభమైన పిమ్మట తెలంగాణ రాష్ట్రమందలి 12 వేలకు పైబడిన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూడినవి. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు పల్లెలలో తెల్లవారగనే ఇంటింటి చెత్తను ఎత్తుకొని పోవునదియు, రోడ్ల ప్రక్క మొక్కలకు ఎండకాలమందు నీరు పోయునదియు ఈ బండియే. నాడు కొన్న ట్రాక్టర్లు నేడు క్రొత్తవి కావు. ఒకటి మూలబడినచో మూడవనాటికే వీధి మలుపులలో చెత్త కుప్పలు లేచును. అటు పిమ్మట మరమ్మతు అంచనా పంచాయతీ సమావేశమునకు వచ్చును. దానిని చదివి "ఏల?" అని అడుగగలుగుట సభ్యుని విధి. ఇంటి యొద్ద పాత డీజిలు జీపో, 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారో కలవారికిని ఈ విషయమే వర్తించును. ఇంజనుల పరిమాణము వేరైనను సూత్రమొక్కటియే.

ఎడ్లబండి ఇరుసునకు కందెన ఏల పెట్టుదుమో రైతునకు చెప్పనక్కరలేదు. ఇనుము ఇనుమును ఒరసికొనకుండ నడుమ ఒక జారు పొర యుండవలెను. డీజిలు ఇంజనులో క్రాంకు షాఫ్టు అను పెద్ద ఇరుసు నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగును. దానిని పట్టియుండు బేరింగు చిప్పలకును దానికిని నడుమ గల సందు మిల్లీమీటరులో ఇరువదవ వంతునకు అటునిటుగ మాత్రమే యుండును. ఆ సందులోని ఆయిలు పొరయే పిస్టను దెబ్బలను మోయుచున్నది.

ఈ రహస్యము బయటపడిన తీరు వినదగినది. ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు ఇరుసు బేరింగులపై పరీక్షలు జరిపి 1883లో ఫలితములను ప్రకటించెను. ఆయన ఆయిలు పోయుటకై బేరింగు నెత్తిన ఒక రంధ్రము చేయగా, ఇరుసు తిరుగునప్పుడు ఆయిలు లోనికి పోవుటకు మారుగ పైకి పొంగివచ్చెను. బెండు బిరడా బిగించిరి; అది ఊడివచ్చెను. కొయ్య మేకు కొట్టిరి. అదియు మెల్లగ పైకి తోసికొని వచ్చెను. అప్పుడు ఒత్తిడి కొలుచు మీటరు తగిలించి చూడగా, తిరుగుచున్న ఇరుసే ఆయిలును బేరింగు సందులోనికి ఈడ్చుకొని గొప్ప ఒత్తిడి పుట్టించుచున్నదని తేలెను. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతము కూర్చెను. కనుక ఆయిలు పంపు చేయు పని బరువు మోయుట కాదు. ఆ పొర ఎన్నడును తెగిపోకుండ బేరింగులకు ఆయిలు అందించుట. అది అందనినాడు నిమిషములలో చిప్పలు కరగి షాఫ్టునకు అంటుకొనును.

పంపు ఆయిలును తోయును. ఒత్తిడి మాత్రము తోవలోని అడ్డు వలన పుట్టును. చేనిలో మోటారు మంచిదే యైనను పైపునకు నాలుగు చోట్ల చిల్లులు పడినచో చివరి మడిలో నీరు చిమ్మదు గదా! ఇంజనులో ఆ చిల్లులవంటివి అరిగిన బేరింగు సందులు. ఇచట ఒక లెక్క గుర్తుంచుకొనదగినది. సందు రెట్టింపైనచో ఆయిలు జారిపోవుట రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. చిన్న అరుగుదలకే ముల్లు అంతగ పడిపోవుటకు ఇదియే హేతువు. ఆయిలు పలుచబడినను అట్లే జరుగును. మన ప్రాంతమున విరివిగ వాడు 15 డబ్ల్యు 40 రకపు ఆయిలు చిక్కదనము 40 డిగ్రీల వేడి కంటె 100 డిగ్రీల వేడిలో ఏడెనిమిదవ వంతునకు తగ్గును. అందుచే ఉదయము చల్లని ఇంజనులో కనబడు ఒత్తిడిని చూచి సంతోషింపరాదు. పాత జీపు అమ్మజూపువాడు దానిని చల్లగ నున్నప్పుడే స్టార్టుచేసి చూపుట ఒక ఎత్తుగడ. అరగంట నడిపి, కాగిన పిమ్మట నిలుకడ వేగములో చూడుమని కొనువాడు అడుగవలెను.

ఇప్పుడు బోరు సంగతి. బోరనగా పిస్టను ఆడు సిలిండరు. అది అరిగినచో పొగ గొట్టమున నీలిపొగ వచ్చును, ఆయిలు త్వరగ తరుగును, ఆయిలు పోయు మూత తీసినచో గాలి ఉబికివచ్చును, బండికి లాగుడు తగ్గును. ఆయిలు ఒత్తిడి పడుటకు ఇది కారణము కాదు. ఒత్తిడి పడుట క్రాంకు బేరింగులు, పంపు, కవాటము, జల్లెడ, ఆయిలు గుణము, వీనికి సంబంధించినది. ఒత్తిడి లేదని పిస్టన్లు, లైనర్లు మార్చి బేరింగులను ముట్టుకొనని బిల్లు వచ్చినచో, తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్లు. రెండు రోగములు ఒకే ఇంజనులో నుండవచ్చును, నిజమే. కాని రెండింటికిని వేరువేరు ఋజువులుండవలెను.

డ్రైవరు చేయవలసిన మొదటి పని యొకటి కలదు. నడుచుచుండగ ఆయిలు గుర్తుగల ఎర్రదీపము వెలిగినను, ముల్లు సున్నవైపు పడినను ఆ క్షణముననే ఇంజను ఆపవలెను. ఊరు దగ్గరనే యున్నదని, ట్రాలీ ఖాళీచేసి వత్తునని పోరాదు. ఎర్రదీపము సామాన్యముగ చదరపు సెంటీమీటరునకు అర కిలో లేదా అంతకును తక్కువ ఒత్తిడికి దిగినపుడే వెలుగును. అనగా అది ముందు హెచ్చరిక కాదు, ప్రమాదము వచ్చినదను వార్త. దీపము వెలుగలేదు గనుక అంతయు క్షేమమనియు తలపరాదు. తాళము త్రిప్పగనే, ఇంజను స్టార్టు కాకమునుపు, ఆ దీపము ఒకసారి వెలుగవలెను. వెలుగనిచో బల్బు పోయినదన్నమాట. అట్టి బండి కండ్లు మూసికొని పోవుచున్నట్లే.

బండిని ఆపిన పిమ్మట సమతలమున నిలిపి పది నిమిషములు ఆగి కొలకడ్డీ తీసి చూడవలెను. ఆయిలు క్రింది గీత కంటె దిగువనున్నచో కారణము సగము దొరికినట్లే. కాకతీయ కాలువ కట్టలు ఎక్కి దిగునప్పుడు మాత్రమే దీపము మిణుకుమనుచున్నచో ఇదియే అనుమానింపదగినది. ఆయిలు తక్కువైనందున వాలున జల్లెడ గొట్టము గాలిని పీల్చుచుండును. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లనగుట దోషము కాదు, మసి దానిలో కలియుట సహజము. కాని ఆయిలు తరుగుటకు మారుగ పెరిగినచో జాగ్రత్తపడవలెను. కడ్డీని వాసన చూచినచో డీజిలు కంపు కొట్టునా? పాత ఇంజనులలో డీజిలు అందించు ఫీడు పంపు లోపలి పొర చినిగినను, ఇంజెక్టరు కారుచున్నను డీజిలు చాంబరులో చేరి ఆయిలును పలుచన చేయును. అట్టి ఇంజనులో ఎన్ని బేరింగులు మార్చినను నెల తిరుగకమునుపే క్రొత్తవియు చెడును. ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో రేడియేటరు నీరు కలిసినదని అర్థము. ఈ పరీక్షలకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

పంచాయతీ ట్రాక్టరునకు ఈ డీజిలు కలియు బాధ మిగుల ఎక్కువ. అది పొలము దున్ను బండివలె ఒక్క వేగమున పనిచేయదు. ఇంటింటి ముందు ఆగుచు, ఇంజను ఆపకయే గంటల తరబడి మెల్లగ కొట్టుకొనుచుండును. ఆ స్థితిలో డీజిలు సంపూర్ణముగ కాలక మసియు, ఇంధనమును ఆయిలులో చేరును. పంపు తిరుగు వేగమును తక్కువే. కిలోమీటర్లు కొద్దిగనే తిరిగినందున ఆయిలు మార్చు సమయము రాలేదనుకొనుట ఇచ్చటనే దెబ్బతీయును. ట్రాక్టరునకు లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల మీటరులో. చాల ట్రాక్టర్లకు 250 గంటల కొకసారి ఆయిలు, ఫిల్టరు మార్చుమని కంపెనీవారి పుస్తకము చెప్పును. వేరుగ చెప్పినచో ఆ పుస్తకమే ప్రమాణము. నా అభిప్రాయమున పంచాయతీ లాగుపుస్తకములో డీజిలు లీటర్ల ప్రక్కన గంటల మీటరు అంకెకు ఒక గడి గీయుట, ఏ మరమ్మతు కన్నను చౌకయైన మందు.

ఆయిలు మట్టము, వాసన, రకము సరిగనే యున్నచో ఇక కొలత వంతు. దీపపు తీగ తగిలించు స్విచ్చిని విప్పి, ఆ రంధ్రమున గొట్టముగల ఒత్తిడి మీటరు బిగింపవలెను. మంచి షెడ్డులో ఈ మీటరు తప్పక యుండును. లేదన్న మెకానిక్కు ఏ ఆధారముపై ఇంజను విప్పుమనుచున్నాడో అడుగుట మర్యాదకు భంగము కాదు. పాడైనది ఒక్కొక్కసారి ఆ చిన్న స్విచ్చియే, లేక ఇంజను ఇనుమునకు తగులుచున్న దాని తీగయే. అడుగుభాగమున దబ్బుదబ్బున బరువైన దెబ్బల శబ్దము వచ్చు ఇంజనును మాత్రము కొలత కొరకైనను నడుపరాదు.

మీటరును మూడు వేళల చదువవలెను: చల్లని ఇంజను నిలుకడ వేగమున, కాగిన ఇంజను నిలుకడ వేగమున, కాగిన ఇంజను పూర్తి పని వేగమున. కాగిన పిమ్మట నిలుకడలో చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో, పని వేగమున మూడు నాలుగు కిలోలు ఉండుట సామాన్యము. ఖచ్చితమైన అంకెను ఆ ఇంజను పుస్తకములో చూడవలెను. చల్లగ నున్నపుడు బాగుండి, కాగిన కొలది నిలుకడలో పడిపోయి, వేగము పెంచగనే తిరిగి లేచుచున్నచో బేరింగుల అరుగుదలనో, పలుచబడిన ఆయిలునో సూచించును. చల్లగ నున్నను కాగినను, వేగము పెంచినను ముల్లు లేవనిచో అరుగుదల కంటె ముందు ఒత్తిడి కవాటమును అనుమానింపవలెను. అధిక ఒత్తిడిని వదలుటకు అమర్చిన ఆ చిన్న కవాటము క్రింద ఒక ఇనుప రజను చిక్కినచో అది తెరచుకొనియే యుండి, పంపు తోసినదంతయు తిరిగి చాంబరులోనికే పోవును. కడిగి, స్ప్రింగు మార్చినచో కొన్ని బండ్లు అంతటితోనే బాగుపడును. వేగము పెంచినపుడు ముల్లు పైకి పోక మరింత దిగుచున్నచో జల్లెడ మడ్డితో మూసికొనిపోయినదేమో, గొట్టపు అతుకు గాలి పీల్చుచున్నదేమో చూడవలెను.

కాలమును కూడ ప్రశ్నింపవలెను. నిన్నటి వరకు సరిగనుండి నేడు హఠాత్తుగ పడిపోయినచో అది అరుగుదల కాజాలదు. అరుగుదల నెలల పని. కవాటమో, పంపు తిప్పు పళ్లో, ఎక్కడనో ఊడిన బిరడాయో యుండును. గంటల మీటరుతో పాటు నెలకొకసారి కాగిన ఇంజను ఒత్తిడిని వ్రాసియుంచిన పంచాయతీకి ఈ ప్రశ్నకు సమాధానము పుస్తకములోనే దొరకును.

ఇంజను విప్పుటకు ముందు కొలువుమని ఇంతగ చెప్పుటకు మరియొక హేతువు కలదు. జీపునకు, కారునకు క్రింది చాంబరు విప్పుట సులభము. చాంబరు దించి ఒక బేరింగు మూత తీసినచో అరుగుదల కంటికే కనబడును. కొన్ని ట్రాక్టర్లలో ఇంజను చాంబరే బండి బరువును మోయుచుండుటచే, దానిని విప్పుటకు బండిని నిలబెట్టి ముందు భాగమును వేరుచేయవలసి వచ్చును. చూచుటకే అంత కూలి అగునప్పుడు చూడకమునుపే కొలుచుట వివేకము.

ఒక మోసమును గూర్చి హెచ్చరింపక తప్పదు. కొందరు మరింత చిక్కని ఆయిలు పోసి ముల్లును లేపుదురు. దీపము ఆరిపోవును, బిల్లు మంజూరగును. కాని తెల్లవారుజామున స్టార్టు చేయునప్పుడు ఆ చిక్కని ఆయిలు సన్నని తోవల గుండ చివరి బేరింగులకు ఆలస్యముగ చేరును; అరుగుదల మరింత హెచ్చును. అది జ్వరము చూడక జ్వరమాపినినే విరుగగొట్టుట వంటిది. కంపెనీ పుస్తకము మా వేసవి వేడికి అనుమతించిన చిక్కదనము వేరు, రోగమును దాచుటకు పోసినది వేరు.

అంచనా కాగితము సమావేశమునకు వచ్చినపుడు సభ్యులు అడుగవలసినవి కొద్దియే. గంటల మీటరెంత? ఆయిలు ఎప్పుడు మార్చిరి, ఏ రకము? మీటరు మూడు వేళల ఏమి చూపెను? డీజిలు గాని నీరు గాని కలిసినదా? కవాటము, జల్లెడ తీసి చూచితిరా? ఈ అంకెలు అంచనాతో పాటు జతచేయవలెనని తీర్మానములో ఒక వాక్యము చేర్పించుట సభ్యుల చేతిలోని పని. బేరింగులు మార్చితిమని బిల్లు వచ్చినచో తీసిన పాత చిప్పలను కార్యాలయమునకు తెప్పించుకొనవలెను. చిప్పపై బూడిదరంగు పొర నునుపుగ నున్నచో అది ఇంకను బ్రదికియున్నట్లు. రాగి పొర గల చిప్పలలో పై పొర అరిగిపోయి రాగిరంగు బయటపడినచో, చారలు పడినచో మెకానిక్కు చెప్పినది నిజము. బిల్లుపై సంతకము చేయవచ్చును.